అడుగున గంధం పెట్టిన ఫ్లాష్

మా అన్న తీసిన ఫోటోల్లో ఉన్నవాళ్ళందరూ అప్పుడే నిద్ర లేచినట్టుంటారు. పెళ్ళికొడుకులు, పెళ్ళికూతుళ్ళు, రిటైరైన హెడ్‌మాస్టర్లు, చెవులు కుట్టించుకున్న పిల్లలు, గుండు మీద గంధం ఆరకముందే కొండ దిగి వచ్చిన కుటుంబాలు, ఎవరిని చూసినా అంతే. కళ్ళు ఇంతింత చేసుకుని, ఇదేం లోకం, మనం ఇక్కడికి ఎప్పుడు వచ్చాం అన్నట్టు చూస్తుంటారు. తిరుత్తణి చుట్టుపక్కల ఏ ఇంటి గోడకైనా పాత ఫోటో కనిపిస్తే, అది మా అన్న తీసిందో కాదో వీధిలో నిలబడే చెప్పగలను. పళ్ళిపట్టు బస్సులో పోతూ కిటికీలోంచి కూడా చెప్పాను. నమ్మనివాళ్ళు నమ్మకపోనీ.

దీనికి కారణం ఆయన పద్ధతి. ఫ్లాష్ వెలుగుకు రెప్ప వేయని మనిషి భూమ్మీద లేడని ఆయన నమ్మకం. అందుకని కెమెరా సిద్ధం చేసుకుని, ఫ్లాష్‌గన్ను మీట తోసి, అది లోపల కరెంటు కూడబెట్టుకుంటూ కూత మొదలుపెట్టగానే అందరినీ కళ్ళు మూసుకోమనేవాడు. ఆ కూత దోమ పాటలా మొదలై, మెల్లగా పైకి పాకి, చివరికి చెవికి అందనంత సన్నమై ఆగిపోయేది. వెనక ఎర్ర దీపం మినుకుమనేది. అప్పుడాయన గొంతు పెంచకుండా, పక్కగదిలో ఉన్నవాళ్ళను అన్నానికి పిలిచినట్టు, “ఆ, తెరవండి” అనేవాడు. తమిళులకైతే తమిళంలో. రెప్పలు లేచిన ఆ క్షణాన్నే వెలుగు. ఇక ఆ వెలుగు ఏపాటిదో నేను ఇప్పటికి చాలామందికి చెప్పాను. అది వెలిగితే ఎదురుగా ఇడ్లీ కొట్టులో పొయ్యి చిన్నబోయేది. అరక్కోణం నుంచి వచ్చే బండి డ్రైవరు వాన వస్తోందనుకుని కిటికీ మూసుకునేవాడు. మొక్కుబడికి తెచ్చిన కోళ్ళు తెల్లారిందని మిట్టమధ్యాహ్నం కూసేవి. కోళ్ళ సంగతి మాత్రం నిజం.

ఈ పద్ధతి పుట్టింది ఆయన పెళ్ళి ఫోటో నుంచి. అది బయటూరి నుంచి పిలిపించిన మనిషి తీసింది. అందులో మా అన్న మగ్గం గుంజలా నిటారుగా నిలబడి ఉంటాడు. పక్కన మా వదిన, తలనిండా పూలతో, రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని ఉంటుంది. మా నాయన దాన్ని చేతిలోకి తీసుకుని, పిల్ల నిద్రపోతా ఉంటే ఎత్తుకొచ్చి తాళి కట్టినాడా ఏంది వీడు అన్నాడట. వీధంతా నవ్విందట. వదిన వారం పాటు వంటింట్లోంచి బయటికి రాలేదట. ఆ ఫోటోకు పటం కట్టించలేదు. అది పెట్టె అడుగున చీరల కిందికి పోయింది. అప్పటికి అన్న ఇంకా పని నేర్చుకుంటున్న వాడే. తన చేతిలో మాత్రం ఎవరి కళ్ళూ మూసుకుపోకూడదని ఆ రోజే పట్టుబట్టి ఉంటాడు. నేనప్పుడు పలక పట్టుకుని తిరిగే వయసు. వదిన కాపురానికి వచ్చి మా ఇంట్లో మొదట చేసిన పని నాకు తల దువ్వడం. ఇప్పుడు నా తలలో నలుపు వెతకాలంటే భూతద్దం కావాలి. అయినా ఆమెకు నేను సిన్నోడినే.

అన్న పోయి ఏడు తిరిగింది. తన స్టూడియోలో కుర్చీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోతే, కారులో తిరువళ్ళూరుకు తీసుకొచ్చారు. నా కాపురం అక్కడే కాబట్టి ఆస్పత్రి బల్ల మీద వదిన పక్కన నేనున్నాను. తిరగని ఫ్యాను కింద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమె ఏదో గొణిగింది. తర్వాత తెలిసింది, కొండ మీది స్వామికి తల వెంట్రుకలు మొక్కుకుందని. మర్నాడు అన్నను అదే దారిలో వెనక్కి తీసుకుపోయాం. ఇంట్లో మనిషి పోతే ఏడు తిరిగేదాకా కొండ ఎక్కకూడదు. ఆ ఏడాదీ ఆమె మొక్కు గురించి నోరెత్తలేదు. మేమంతా మరిచిపోయిందనుకున్నాం. సంవత్సరీకం ముగిసి ఆకులు ఎత్తిన రోజే, వచ్చే కృత్తికకు, అంటే స్వామి నక్షత్రం నాటికి, గుండు కొట్టించుకుంటానని చెప్పింది.

మా వదిన జుట్టు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. నా చిన్నతనంలో ఆమె వంటింట్లో ఉంటే జడ కొస నడవలో ఉండేదని నేను స్నేహితులకు చెప్పేవాడిని. తలంటిన శుక్రవారం వీధి మొత్తం సీకాయ వాసన. ఆరబెట్టుకోవడానికి వెదురు గంప బోర్లించి, దాని కింద సాంబ్రాణి పొగ పెట్టి, దాని మీద వెంట్రుకలు పరుచుకుని పడుకునేది. ఆ పొగ, లోపల మా నాయన మగ్గం పడుగుకు పట్టించే గంజి వాసన, అన్న చొక్కాకు పట్టుకుని వచ్చే డార్క్‌రూం మందుల పులుపు, ఈ మూడూ కలిసిందే మా ఇంటి వాసన. ఇప్పటికీ ఏ అంగట్లోనైనా సాంబ్రాణి కడ్డీ వెలిగిస్తే నా ముక్కు మిగిలిన రెండింటి కోసం వెతుక్కుంటుంది. ఇప్పుడామె జుట్టు నెరిసింది, పలచబడింది, అయినా ముడి విప్పితే నడుం దాటుతుంది.

బంధువులు తలా ఒక మాట అన్నారు. మొగుడు పోయినాక గుండేమిటి, వెనకటి కాలంలో ఆడవాళ్ళకు చేసిన పాపం చాలదా అని కొందరు. స్వామే ఇవ్వనప్పుడు మొక్కు చెల్లదని కొందరు. అందరికంటే ఎక్కువ గొడవ పడింది రేవతి, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. తిరునిన్రవూరులో కాపురం, చెన్నైలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తుంది, తండ్రి చెయ్యి వచ్చింది. కృత్తిక ముందు రోజు కూడా, నాన్నే లేకుండా పోయినాక ఇంగ ఎవరికమ్మా ఈ మొక్కు అని ఏడ్చింది. వదిన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తీస్తూ తల ఎత్తి అంది.

“బతికిస్తే ఇస్తానని యాడ అంటిని నేను? ఇస్తానంటిని. అంతే.”

కాసేపటికి ఆమే మళ్ళీ, కూర గురించి చెప్పినట్టు, ఇంకో మాట చెప్పింది. వెంట్రుకలు పోయేలోపల ఒక్క ఫోటో కావాలని. ఫోనులో రేవతి తీసినవి ఆమెకు నచ్చవు, అందులో మొహం పిండి పూసినట్టు వస్తుందట. “మీ యన్న వెలుతురులో ఒకటి తియ్ సిన్నోడా. బీరువాలో ఉండాది గదా అది.” కృత్తిక మర్నాడే. నేను పొద్దున తిరువళ్ళూరులో రైలెక్కి, అరక్కోణంలో బండి మారి వచ్చింది ఆమెను కొండకు తీసుకుపోవడానికి మాత్రమే. నేను మిమిక్రీ చేసి బతికినవాడిని, ఫోటోగ్రాఫరుగా రాలేదు. అయినా ఆ మాటకు కాదనే నోరు నాకు లేదు.

బీరువా తెరిస్తే అది ఉంది. మా నాయన నేసిన లుంగీ గుడ్డ ముక్కలో చుట్టి, తాడు కట్టి. జర్మనీ సరుకని అన్న చెప్పేవాడు, జపానుదని వీధి చివరి స్టూడియో వాళ్ళు అనేవాళ్ళు, రెండు దేశాలూ ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఇటుకంత బరువు. మీట దగ్గర ఆయన బొటనవేలు అరగదీసిన గుంట. అది ఇంటికి వచ్చిన రోజు మా నాయన మగ్గం గుంటలోంచి లేచి కూడా రాలేదు. నాలుగు తరాల మగ్గం వదిలేసి మెరుపులు అమ్ముకునేదానికి పోయినాడు అని, నాడె ఇంకా గట్టిగా విసిరాడు. మా అమ్మ మాత్రం దాన్ని చంటిబిడ్డను చూసినట్టు చూసింది. దాని బ్యాటరీలు ప్రాణం పోయే ముందు ఇంకో రెండు వెలుగులైనా ఇస్తాయని మిద్దె మీద వడియాల పక్కన ఎండబెట్టేవాళ్ళం. ఒకసారి కాకి వడియం అనుకుని బ్యాటరీ ఎత్తుకుపోయింది. ఆ రోజు నుంచి ఆ కాకి చీకట్లో కూడా దారి తప్పలేదని వీధిలో చెప్పుకున్నారు. చెప్పింది నేనే.

ఆయుధపూజ నాడు మా ఇంట్లో మగ్గానికి, నాడెలకు, రాట్నానికి, వాటి వరసలో ఫ్లాష్‌గన్నుకు కూడా పూజ. మా అమ్మ గంధం తీసి అన్నిటికీ బొట్లు పెట్టుకుంటూ వచ్చేది. ఫ్లాష్ దగ్గరికి రాగానే అన్న అడ్డం పడేవాడు. అద్దం మీద వద్దు, పక్కన వద్దు, చేతికి అంటుకుంటుంది, వెనక వద్దు, దీపం కనిపించదు. చివరికి ఇద్దరికీ ఒప్పందం కుదిరిన చోటు అడుగు. కెమెరా మీదికి తోయడానికి ఇనప పట్టీ ఉంటుందే, అక్కడ. అన్న పాత కెమెరా మీద దాన్ని పట్టుకునే చోటే లేదు, ఆయన ఫ్లాష్‌ను ఒక కమ్మీకి బిగించి వైరుతో కలిపేవాడు. కాబట్టి ఆ పట్టీ ఎవరికీ పనికిరాని జాగా. దేవుడికి వదిలేశారు. అమ్మ ఉన్నన్నాళ్ళు అమ్మ, తర్వాత వదిన, ఏటేటా అక్కడే గంధం, దాని మీద కుంకుమ. తర్వాత డిజిటల్ కెమెరాలు వచ్చాయి. అన్న కూడా చిన్నదొకటి కొని, పాస్‌పోర్టు ఫోటోలూ లామినేషనూ అంటూ చివరి రోజులు గడిపాడు. ఆ కెమెరాకు దాని సొంత వెలుగు దానికుంది. పెద్ద ఫ్లాష్ లుంగీ గుడ్డలోకి పోయింది. అమ్మమని ఎవరో అడిగితే, అది ఇంకా రిటైరు కాలేదు, సెలవులో ఉంది అన్నాడు.

ఆ మధ్యాహ్నం రేవతి దాన్ని చూసి, తండ్రి చెయ్యి పట్టుకున్నట్టు కాసేపు పట్టుకుని కూర్చుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని డాక్టరైపోయింది. బ్యాటరీ గదిలో పచ్చగా పొక్కులు కట్టి ఉంటే వదిన దీపపు కుందులు తోమే అలవాటుతో చింతపండు తెచ్చింది. కొళాయి కింద పెట్టబోతుంటే రేవతి చెయ్యి పట్టుకుని ఆపి, గుడ్డ కొసతో అద్ది, పొడిగా తుడిచింది. కొత్త బ్యాటరీలు వేసింది. నేను మరలు విప్పి లోపల ఏముందో చూద్దామని చూపుడువేలు పెట్టగానే కసిరింది. “లోపల కరెంటు దాచిపెట్టుకునే డబ్బా ఒకటి ఉంటాది సిన్నాయనా. బ్యాటరీ తీసేసినా అది మరిచిపోదు. నిన్ను ఎత్తి వీధిలో వేస్తాది.” ఇన్నేళ్ళు ఎండిన డబ్బాకు ఒక్కసారిగా తాగించకూడదని, మీట తోసి, వెలిగించకుండా చాలాసేపు ఊరికే ఉంచింది. వాసన వస్తోందా, వేడెక్కుతోందా అని తాకి తాకి చూసింది. అప్పుడు వచ్చింది ఆ కూత. దోమలా మొదలై, పైకి పాకుతూ. వంటింట్లో వదిన చేతిలో గరిటె ఆగింది. ఇల్లంతా ఆగింది. ఎర్ర దీపం వెలిగింది. దాన్ని ఒట్టిగా వెలిగించి చూసింది రేవతి, గోడ మీద మా ముగ్గురి నీడలూ ఒక్కసారి నిలబడి పడిపోయాయి. ఇట్లాంటివి ఇంకెన్ని ఇస్తుందో చెప్పలేనని, డబ్బా ముసలిదైపోయిందని అంది.

ఇక దాన్ని రేవతి కెమెరా మీద పెట్టడమే మిగిలిందని నేననుకున్నాను. అసలు గొడవ అక్కడే ఉందట. ఆ కాలం ఫ్లాష్‌లు వెలగమని చెప్పించుకోవడానికి ఆ అడుగు పట్టీ గుండా వందల వోల్టులు పంపుతాయట. పాత కెమెరాలో రెండు ఇనప రేకులు కలిసేవి, వాటికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ఈ కాలం కెమెరా లోపల అంతా ఆవగింజంత కంప్యూటర్లు, కొన్ని గట్టివే అయినా చాలావాటికి అయిదారు వోల్టులు దాటితే చాలు, కాలి బూడిదైపోతాయి. ఆ కెమెరా రేవతికి అన్నం పెట్టేది, పై వారమంతా ముహూర్తాలు. పక్కింటి ఎలక్ట్రీషియన్ దగ్గర మీటరు అరువు తెచ్చింది. ఒక సూది పట్టీ మధ్యలో బొడిపె మీద, ఇంకోటి పక్కన ఆనించి చూసింది. సున్నా. మళ్ళీ చూసింది. సున్నా. నేను గంతు వేసినంత పని చేశాను. మా అన్న ఫ్లాష్ ఎవరినైనా కరుస్తుందా, జర్మనీ సరుకు, పెంచిన చెయ్యి అటువంటిది అని ఉపన్యాసం మొదలుపెట్టి, దాన్ని అందుకుని, కెమెరా నెత్తిన గాడిలోకి తోయబోయాను.

“ఉండు ఉండు,” అంది వదిన. “అట్ల తోస్తే బొట్టు గీసుకోని పోతాది. అడుగున మా యత్త పెట్టిండే గంధం అప్పా అది.”

తిప్పి చూశాం. పట్టీ అంతటా పాత గోడ మీది సున్నంలా పొర మీద పొర గంధం, మధ్యలో నల్లబడిన కుంకుమ. ఇనుమన్నది ఎక్కడా కనిపించలేదు. మధ్యలో బొడిపె అనుకుని రేవతి సూది ఆనించింది మా అమ్మ బొట్టు మీద. రేవతి మొహం పాలిపోయింది. వాళ్ళమ్మను అడిగి, పిన్నీసుతో నువ్వుగింజంత మేర రెండు చోట్ల గీకింది. మీటరు మళ్ళీ పెట్టగానే అంకెలు గబగబా పైకి పరుగెత్తి రెండు వందలు దాటి నిలబడ్డాయి. నేను ఫ్లాష్‌ను రెండు చేతులతో, పాము బుట్ట దించినట్టు, బల్ల మీద దించాను. బతికున్నన్నాళ్ళు ఒక్క అబద్ధం ఆడని మా అమ్మ, పోయి ఇన్నేళ్ళకు ఆ మీటరుతో ఆడింది. గాడిలోకి తోసి ఉంటే గంధం రాలిపోయేది, కెమెరా కాలిపోయేది. వదినకు వోల్టుల సంగతి తెలియదు. బొట్టు పోతుందనే ఆమె బాధ.

ఫ్లాష్‌కూ కెమెరాకూ మధ్య పెట్టే చిన్న అడాప్టరు ఒకటి చెన్నైలో దొరుకుతుందట, అది ఆ వోల్టులను మింగేసి కెమెరాకు మెతకగా చెబుతుందట. తెప్పిస్తే మూడు రోజులు. మొక్కును ఇంకో కృత్తికకు జరుపుదామా అని రేవతి ఆశగా అడిగింది. అలా జరిపితే ఆ లోపల అమ్మ మనసు మారుతుందేమోనని ఆమె ఆశ. వదిన ముడి విప్పి, తలంటుకోవడానికి నూనె గిన్నె వెతుక్కుంది. అదే జవాబు.

అప్పుడు నాకు చిన్నప్పుడు చూసిన ఒక పళ్ళిపట్టు కుటుంబం గుర్తొచ్చింది. ముసలావిడ మొదలు చంకలో బిడ్డ దాకా అందరూ గుండు చేయించుకుని, గంధం పూసుకుని, స్టూడియో నిండా నిలబడ్డారు. అన్న వైరు పెట్టబోతే దాన్ని ఎలుక కొరికేసి ఉంది. నేను వెనక తెర కింద కూర్చుని పుస్తకాలకు అట్టలు వేసుకుంటున్నాను. ఆ తెర మీద అన్న స్వయంగా గీసిన తిరుత్తణి కొండ ఉండేది. అసలు కొండ దిగి వచ్చినవాళ్ళు, బొమ్మ కొండ ముందు నిలబడి ఫోటో దిగేవాళ్ళు, దాని గురించి ఎవరికీ ఏ సందేహమూ లేదు. అన్న ఒక్క క్షణం ఆలోచించి, తలుపు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, గదిని కాటుక చేశాడు. కదలొద్దండి, కండ్లు మూసుకోండి అన్నాడు. కెమెరా కన్ను తెరిచి పెట్టేశాడు. చీకట్లో పచ్చి గంధం వాసన, ముసలావిడ గాజుల చప్పుడు, ఆ కూత. “ఆ, తెరవండి.” ఫ్లాష్‌ను చేత్తో పట్టుకుని, దాని వెనక బొత్తాన్ని తానే నొక్కాడు. మెరుపు. వెంటనే అరచేత్తో కెమెరా కన్ను మూసేశాడు. చీకట్లో కెమెరా ఏమీ చూడదు, ఆ మెరుపు ఒక్కదాన్నే చూస్తుంది. వైరెందుకు?

చెప్పగానే రేవతి లేచి నిలబడింది. స్టాండు మీద కెమెరా, చీకటి గది, కొన్ని సెకండ్లు తెరిచి ఉంచితే సరి, ఫ్లాష్ దాని పక్కన ఎక్కడో, దానికీ దీనికీ సంబంధమే లేకుండా. మా అన్న వెలుగుకూ ఆ పిల్ల అన్నంగిన్నెకూ మధ్య చీకటి తప్ప ఇంకేమీ ఉండదు. చీకటి గుండా వోల్టులు పోవు.

స్టూడియోకు నడిచి పోయాం. ఆ వీధి గురించి ఏం చెప్పను. కొండ దిగివచ్చే వాళ్ళతో ఎప్పటిలాగే కిటకిట, గంధం పూసిన గుండ్లు ఎప్పటిలాగే ఎండలో పచ్చగా. ఎవరి చేతిలో వాళ్ళ ఫోను. తల్లీ బిడ్డా బుగ్గా బుగ్గా ఆనించుకుని, చెయ్యి చాచి, ఒక్క నిమిషంలో ఇరవై తీసుకుని, వాటిని చూడకుండానే బస్సు ఎక్కేస్తున్నారు. నేనేమీ వాళ్ళను తప్పు పట్టడం లేదు. మా ఇంట్లో కూడా అంతే, నా మనవడి తుమ్ములు కూడా నా ఫోనులో ఉన్నాయి. కాకపోతే ఆ కాలంలో ఒక కుటుంబానికి దక్కేది ఒక్క మెరుపు. దాని కోసం ఊపిరి బిగబట్టి, కళ్ళు మూసుకుని, ఒక పరాయి మనిషి గొంతు కోసం ఎదురుచూసేవాళ్ళు. ఆయన తెరవమంటే తెరిచేవాళ్ళు. అంత నమ్మకంగా ఇప్పుడు ఎవరు ఎవరి ముందు కళ్ళు మూసుకుంటారు? ఏడాదిగా దించి ఉన్న షట్టరు ఎత్తితే లోపల బొమ్మ కొండ సగం పెచ్చులూడి ఉంది. గుడి ఉంది, మెట్లు పోయాయి.

షట్టరు దించి, సందుల్లో గుడ్డలు కుక్కాం. వదిన స్టూలు మీద కూర్చుని జుట్టు ముందుకు వేసుకుంది, ఒళ్ళో నుంచి కిందికి జారేలా. తడి ఇంకా ఆరలేదు, సీకాయ వాసన. రేవతి దీపం ఆర్పింది. తిరుత్తణి మధ్యాహ్నంలో అంత చీకటి ఉంటుందని నాకు తెలియదు. నేను ఫ్లాష్ పట్టుకుని కెమెరా పక్కన, అన్న నిలబడే చోట నిలబడ్డాను. నా బొటనవేలు ఆయన గుంటలో ఆనింది, నాకు అది కాస్త వదులైంది. మీట తోశాను. కూత మొదలైంది, పైకి పాకింది, సన్నబడింది. ఎర్ర దీపం వెలిగింది. ఆ చిన్న ఎరుపులో వదిన మొహం లీలగా కనిపించింది.

“కండ్లు మూసుకో వదినా,” అన్నాను.

రేవతి కెమెరా తెరిచిన చప్పుడు వినిపించింది. నా గొంతు ఆయన గొంతులా పెట్టబోయాను. అన్నానికి పిలిచినట్టు, తేలిగ్గా. రాలేదు. జీవితమంతా ఇతరుల గొంతులు అనుకరించి పొట్ట పోసుకున్న వాడిని, మా అన్నది ఒక్క మాట అనలేకపోయాను. నా గొంతుతోనే, “ఆ, తెరువు” అని బొత్తాం నొక్కాను. వెలుగు. అదే వెలుగు. వదిన, జుట్టు, బొమ్మ కొండ, అన్నీ తెల్లగా లేచి నిలబడి చీకట్లోకి వెళ్ళిపోయాయి. ఎక్కడో కోడి కూసింది. ఇది నిజమా అని అడగకండి.

కెమెరా తెర మీద చూస్తే ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టేటంత స్పష్టంగా వచ్చింది. నెరిసినవి వెండిలా, నడుమ మిగిలిన నల్లవి నల్లగా. మొహం ఆమెదే, పిండి పూసింది కాదు. కళ్ళు మాత్రం మూసుకుని ఉన్నాయి. గట్టిగా, రెండూ.

ఇంకొకటి తీద్దామని నేను మళ్ళీ మీట తోశాను. కూత మొదలై సగం దాకా ఎక్కి, అక్కడ తడబడి, మెల్లగా కిందికి జారి ఆగిపోయింది. ఎర్ర దీపం రాలేదు. మళ్ళీ తోశాను. ఈసారి కూత కూడా లేదు. చీకట్లో నేను, నేను చెప్పింది వినపడలేదా వదినా అని అడిగాను. అడిగిన తర్వాత నా గొంతులో కోపం ఉందేమోనని భయపడ్డాను.

“వినపడె సిన్నోడా,” అంది వదిన. “ఆయన చెప్తాడని ఉంటిని.”

రేవతి దీపం వేయడానికి చాలాసేపు పట్టింది. స్విచ్ ఎక్కడుందో ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచి తెలుసు.

మర్నాడు పొద్దున్నే కొండ ఎక్కాం. మంగలి ఆమె వయసు చూసి, మూడు కత్తెరలు తీసి వదిలేస్తానమ్మా, అది కూడా మొక్కే అన్నాడు తమిళంలో. ఆమె తల వంచింది. జుట్టు పళ్ళెంలో పడుతుంటే రేవతి తిరిగి గోడవైపు నిలబడింది, నేను మాత్రం చూశాను, నా తల దువ్విన మనిషి తల కదా అని. గుండు మీద గంధం పూసుకుని దర్శనం చేసుకుని వచ్చింది వదిన. స్వామిని ఏమడిగావని రేవతి అడిగితే, ఏమీ లేదు, ఇచ్చేసి వచ్చినా అంది. ఆమె చిన్నపిల్లలా ఉంది. మా పెళ్ళి ఫోటో పెట్టె అడుగున ఉండాది, నిన్నటిది గోడకు కట్టించు రేవతీ అని, మెట్లు దిగేటప్పుడు చెప్పింది.

ఇంటికి వచ్చాక ఆమె కాళ్ళు కడుక్కోకుండానే నేరుగా బల్ల దగ్గరికి పోయింది. ఫ్లాష్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి, రేవతి పిన్నీసుతో గీకిన చోటు వేలితో తడిమి చూసింది. తన గుండు మీది గంధం ఇంకా పూర్తిగా ఆరలేదు. అందులో వేలు అద్ది, ఆ గీకిన రెండు చోట్లా బొట్లు పెట్టింది. ఆరేదాకా ఊదింది. తర్వాత లుంగీ గుడ్డలో చుట్టి, తాడు కట్టి, బీరువాలో పెట్టి, తలుపు మూసింది.